పడవాట రెండో భాగం

"నీళ్లు దిగినట్టున్నాయి."

ఈ చిన్న మాటను నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అన్నప్పుడు నేను పాలిటెక్నిక్ కుర్రాణ్ణి. ఇప్పుడు నా కొడుకుకు పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. మధ్యలో ఎన్నిసార్లు చెప్పబోయి నోరు మూసుకున్నానో నాకే తెలుసు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం సులువనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలుస్తోంది, అంత సులువేం కాదని. అయినా ఈసారి మధ్యలో లేవను.

ఎనభైల మధ్య సంగతి. మా బాబాయికి జంషెడ్‌పూర్‌లోని పర్సుడీహ్ బజారులో వీడియో గేముల కొట్టు ఉండేది. ముందుగదిలో కొట్టు, వెనక కాపురం. బీరువాలంత మిషన్లు గోడవారగా ఉండేవి గానీ, జనం వచ్చేది వాటిలో ఒక్కదాని కోసమే. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేది. మేం పడవాట అనేవాళ్లం. తెర మీద ఒక నది, ఒక చిన్న పడవ. ఒడ్డున మనుషులు నిలబడి చేతులూపుతుంటారు. సుడిగుండాలనూ మొసళ్లనూ తప్పించుకుంటూ వాళ్లను అవతలి ఒడ్డుకు చేర్చాలి. దిగిన ప్రతివాడూ సంతోషంగా ఒక గెంతు గెంతేవాడు. అంతే ఆట. ఎంత ఆడినా విసుగు పుట్టేది కాదు.

ఆ ఆట అందరికంటే బాగా ఆడింది మా పిన్ని.

బాబాయి భార్య. వంశధార ఒడ్డున ఉన్న పల్లె నుంచి పెళ్లయి వచ్చి నేరుగా టాటానగర్ స్టేషన్‌లో దిగింది. హిందీ ముక్క రాదు. మొదట్లో గడప దాటేది కాదు. మధ్యాహ్నాలు కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు మిషన్ల అద్దాలు తుడవడానికి వచ్చేది. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ హ్యాండిల్ పట్టుకుంది. కొన్ని నెలలు తిరిగేసరికి ఆమె ఆట చూడడానికి చుట్టుపక్కల ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని రావడం మొదలుపెట్టారు. బిహారీలు, ఒడియావాళ్లు, ఒక సర్దార్జీల ముసలమ్మ. "బాయేఁ మోడో, బాయేఁ", ఎడమకు తిప్పమని వాళ్లు అరుస్తుంటే ఎడమ ఏదో కుడి ఏదో హిందీలో ఆమెకు అలాగే వచ్చింది. బజారులో ఆమెను 'నావ్‌వాలీ మౌసీ', పడవ పిన్ని అని పిలిచేవారు. ఆ పేరు విన్నప్పుడు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు చూసినవాణ్ణి నేను. చూసి కూడా ఆ పని చేశాను.

నేను కద్మాలో మా ఇంటి నుంచి సైకిలు మీద రోజూ వచ్చి కొట్టు చూసుకునేవాణ్ణి. చిన్నచిన్న రిపేర్లు నావే. మిషన్ల వెనక తలుపుల తాళంచెవి బాబాయి నాకే ఇచ్చాడు, సొంత కొడుక్కి ఇచ్చినట్టు. ఆ మధ్య కలకత్తా వెళ్లినప్పుడు ఒక కొట్టు ముందు పెద్ద పోస్టరు చూశాను. పడవాట రెండో భాగం. నల్లటి నీళ్లు, మంటలు, ఫిరంగులున్న పెద్ద పడవ. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. ఆడడానికి కుదరలేదు. తిరుగు రైల్లో నాకింకో ఆలోచన లేదు. జంషెడ్‌పూర్‌లో అందరికంటే ముందు అది మన కొట్టులో ఉండాలి. బాబాయిని బతిమాలాను. నడుస్తున్న మిషనును ఎవరు మారుస్తారు, ఇది పాడైతే అప్పుడు చూద్దాం అన్నాడు.

పాడైతే.

ఒక మధ్యాహ్నం పిన్ని అద్దం తుడిచి, తడిగుడ్డ మిషను మీదే వదిలి, పొయ్యి మీద ఎసరు చూడడానికి లోపలికి వెళ్లింది. నేను మిషను వెనక తలుపు తీశాను. కరెంటు ఉండగానే బోర్డు కనెక్షను ఊడదీసి, తిరగేసి పెట్టాను. చిటపటమంది. కాలిన వాసన. తెర చారలు పడి, ఆరిపోయింది. వెంటనే కనెక్షను సరిగ్గా పెట్టి తలుపు మూశాను. మరిచిపోకుండా తాళం కూడా వేశాను. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

బాబాయి వచ్చి, "ఏటైనాదిరా దీనికి?" అన్నాడు.

అప్పుడన్నాను ఆ మాట, లోపలికి నీళ్లు దిగినట్టున్నాయని.

ఆయన గుడ్డ వైపు చూశాడు. తర్వాత పిన్ని వైపు చూశాడు. తిట్టలేదు. ఇకనుంచి మిషన్ల జోలికి రావద్దని మాత్రం చెప్పాడు. పిన్ని తన చేతుల వైపు చూసుకుంది.

నేను ఆమె పేరెత్తలేదు కదా అని చాలాకాలం సమర్థించుకున్నాను. ఎత్తాల్సిన అవసరం ఉందా? నెపం ఆమె మీదికి పోవాలని ముందే అనుకున్నానా? లేదు, ఇది నిజం. గుడ్డ అక్కడుందని చూశానా? చూశాను. ఇదీ నిజం. ఈ రెండింటిలో మొదటిదాన్నే పట్టుకుని ఇన్నేళ్లు వేలాడాను.

కాలిన బోర్డు బాగుచేయడం కుదరదన్నాడు మాకు మిషన్లు అమ్మిన కలకత్తా వ్యాపారి. పాతది తీసుకుని రెండో భాగం పంపాడు. స్టేషన్ నుంచి రిక్షా బండి మీద కట్టి తెచ్చుకున్నాం. మొదట ఆడింది నేనే. రంగులు ఎక్కువ, మోత ఎక్కువ. పడవ పెద్దది, కానీ చెప్పిన మాట వినదు. హ్యాండిల్ తిప్పాక ఎప్పుడో కదులుతుంది. నదికి మలుపుల్లేవు. ఒక దశ దాటితే మళ్లీ అదే దశ, శత్రువుల పడవలు మరికొన్ని. ముందు బాగుంటుందేమోనని ఆడాను. ఇంకా ముందుకెళ్తే బాగుంటుందేమోనని ఆడాను. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా వదల్లేదు. చూస్తున్నవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఎలా ఉందని అడిగినవాడికల్లా సూపర్ అని చెప్పాను. దేనికోసం ఆ పని చేశానో అది ఇంత పేలవంగా ఉందని నేనెలా ఒప్పుకుంటాను?

పిన్ని వచ్చి దూరంగా నిలబడింది, చేతులు వెనక్కి పెట్టుకుని.

"ఏట్రా, ఒడ్డు మీద మనుసులేరి?"

"ఈ పార్టులో మనుసులుండరు పిన్నీ. ఎదరొచ్చిన పడవల్ని కాల్చాల."

"కాలిత్తే ఏటొత్తాది?"

"పాయింట్లొత్తాయి."

కాసేపు చూసింది. "మరి పడవెందుకురా దీనికి," అని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గదిలోకి ఆడడానికి రాలేదు.

చుట్టుపక్కల ఆడవాళ్లు రావడం మానేశారు. మౌసీ ఏది అని పిల్లలు కొన్నాళ్లు అడిగారు. తర్వాత వాళ్లూ మానేశారు. రెండో భాగం దగ్గర దుమ్ము పేరుకుంది. కొట్టు ఎంతో కాలం నడవలేదు. బాబాయి ఒక ఠేకేదార్ కింద కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఇదంతా ఆ ఒక్క మిషను వల్లేనని చెప్పను. తర్వాత ఇంట్లోనే ఆడుకునే గేములు వచ్చాయి, కొట్లన్నీ మూతపడ్డాయి. కానీ మా బాబాయి కొట్టు అన్నిటికంటే ముందు మూతపడింది.

కష్టమైన భాగం ఇంకా చెప్పలేదు. బాబాయి మంచివాడు, మనసులో పెట్టుకోలేదు, దాన్ని హాస్యం చేశాడు. ఎవరింట్లో ఫ్యాను ఆగినా, రేడియో గరగరమన్నా, "మీ పిన్ని తడిగుడ్డెట్టినాదేటి?" అనేవాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, అందరూ నవ్వేవారు. పిన్నీ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికి టీవీ వచ్చినప్పుడు ఆమె స్విచ్చి ముట్టుకోలేదు. కూతురు పుట్టి పెద్దదయ్యాక మిక్సీ కూడా కూతురే వేసేది. నాకు కరెంటు వస్తువులు అచ్చిరావు అనేది. నిజమని నమ్మింది. బాబాయి కూడా అలా నమ్మే పోయాడు.

పోయిన ఆదివారం వెళ్లి పిన్నికి చెప్పాను. గుమ్మంలో కూర్చుని తోటకూర బాగుచేస్తోంది. కూర్చోకుండానే మొదలుపెట్టాను, కూర్చుంటే చెప్పలేనని తెలుసు. కనెక్షను తిరగేసి పెట్టడం దగ్గర్నించి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. నా ముఖం చూడలేదు.

"మీ బాబాయున్నప్పుడు సెప్పాల కదరా," అంది.

తోటకూర పక్కకు జరిపింది.

"ఇప్పుడెల్లు," అంది.

వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె అవుననో కాదనో అనాల్సి వచ్చేది. ఆ బరువు కూడా ఆమె మీద పెట్టదలుచుకోలేదు. ఆ సాయంత్రం నుంచి, ఆ హాస్యానికి నవ్విన వాళ్లందరికీ ఒక్కొక్కరికీ ఫోను చేస్తున్నాను. ఇప్పుడెందుకు తవ్వుతావు అన్నారు కొందరు. పిన్ని కూతురు విని ఫోను పెట్టేసింది. ఇంకా కొందరు మిగిలారు. వాళ్లకూ చేస్తాను. ఎవరైనా మాట మారిస్తే మళ్లీ మొదటికొచ్చి చెబుతాను.

ఆ మిషను కాల్చింది నేను. మా పిన్ని కాదు. చేసిన పని ఇప్పుడు చేసినవాడి మీద ఉంది. దాంతో సరిపోయిందని అనను. కానీ అది ఉండాల్సింది ఇక్కడే.