పోపుల డబ్బాలో పూసలు

ఆ ఏడాది ఆగస్టులో, ఫ్రెండ్‌షిప్ డే ఇంకా మూడు రోజులుందనగా, మా మనవరాలు నా డైరీ మీద ఒక ప్లాస్టిక్ సంచి పెట్టింది. అందులో రంగురంగుల పూసలు, నైలాన్ దారం, రెండు హుక్కులు ఉన్నాయి.

"తాతయ్యా, నువ్వు కొలతలు బాగా తీస్తావుగా. దానికి బ్యాండ్ చేసిపెట్టు."

"అది" అంటే తెనాలిలో మా వీధి చివరి దర్జీ గారమ్మాయి. ఇద్దరూ ఐదో తరగతి, ఒకటే బెంచీ. దర్జీ రేపల్లెలో షాపు పెట్టుకుంటున్నాడు. సోమవారం పొద్దున రైలుకి ఇంటిల్లిపాదీ వెళ్ళిపోతున్నారు. ఆ సంగతి ఆ పిల్ల మా పిల్లకు కాకుండా క్లాసులో ఇంకెవరికో ముందు చెప్పిందట. దాంతో ఇద్దరికీ మాటల్లేవు.

"నువ్వే వెళ్ళి పలకరించొచ్చుగా," అన్నాను.

"నేనెందుకు మాట్లాడాలి? ఇది చేతికి పెట్టానంటే అదే మాట్లాడుతుంది."

ధీమాగానే అంది కానీ, మాట్లాడకుండానే రైలెక్కేస్తుందేమోనన్న భయం మొహంలో దాగలేదు.

కాలువలకూ తూములకూ నక్షలు గీసి రిటైరైనవాణ్ణి నేను. పూసలను ముందు రంగుల వారీగా వేరు చేయాలన్నాను. ఏడు గిన్నెలున్న పోపుల డబ్బా అందుకు అచ్చంగా సరిపోయింది. ఆవాలూ జీలకర్రా కాగితాల్లోకి మారాయి.

"చారులో పూస తగిలిందంటే ఇవాళ మీ పని చెప్తాను," అంది మా ఆవిడ.

ఇక మణికట్టు కొలత. ఆ పిల్లకు తెలియకుండా తీయాలి. శనివారం తను నా కొత్త చొక్కా పట్టుకుని వచ్చింది. వాళ్ళ నాన్న కుట్టిన ప్రతి చొక్కానూ వదులుగా ఉందని నేను వెనక్కి పంపడం రివాజు.

"ఈసారి కూడా వదులేనా అని నాన్న అడగమన్నాడు తాతయ్యా."

"తొడిగి చూసి చెప్తాలే. ఏదీ, ఇలా చెయ్యి చాపు. ఈ వాచీ నీకు సరిపోతుందేమో చూద్దాం."

"మీ వాచీ నాకెందుకు తాతయ్యా?"

"ఇచ్చేస్తాననుకోకు. ఊరికే."

పట్టీ ఎక్కడ కలిసిందో గోటితో గుర్తు పెట్టుకున్నాను. తను వెళ్ళగానే స్కేలు పెట్టి చూశాను. పదమూడున్నర సెంటీమీటర్లు. డైరీలో రాసి కింద గీత కూడా గీశాను. సరిగ్గా ఆ కొలతకే బ్యాండు గుచ్చాను. తలుపు చాటు నుంచి ఇదంతా చూసిన మా మనవరాలు, మిగిలిన పూసలతో తనకూ ఒక బ్యాండు కొలతా పాడూ లేకుండా గుచ్చుకుంది. అది మోచేతి దాకా జారుతోంది.

"ఇది చేతికా, పిల్లి మెడకా?" అన్నాను. మూతి ముడుచుకుంది.

ఆదివారం పొద్దున ఇద్దరం దర్జీ గారింటికి వెళ్ళాం. అరుగు మీద కుట్టుమిషను అప్పటికే గోనెపట్టాలో చుట్టి ఉంది. మా పిల్ల నోరు విప్పకుండా బ్యాండు చాపింది. ఆ పిల్ల కూడా మాట్లాడకుండా చెయ్యి చాపింది. చుట్టూ తిప్పి చూస్తే హుక్కు అందలేదు. నేను ఇంకాస్త లాగాను. రెండు వేళ్ళ ఎడం ఎటూ పోలేదు. మా పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ పిల్ల బ్యాండును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏంటే ఇది, జీలకర్ర వాసనొస్తోంది?"

"తాతయ్య పోపుల డబ్బాలో పోశాడే," అని మా పిల్ల ముక్కు ఎగబీల్చింది. "కొలత కూడా ఆయనే తీశాడు. నాదేం తప్పు లేదు."

"వాచీ పెట్టింది అందుకా!" అని ఆ పిల్ల నవ్వి నా వైపు తిరిగింది. "వాచీ పట్టీ పల్చగా ఉంటుంది తాతయ్యా. పూసకి లావుంటుంది కదా, లోపల చోటు తగ్గిపోతుంది. ఒంటి కొలతకే కుడితే చొక్కా కూడా ఎక్కదు. అందుకే మా నాన్న లూజు వదుల్తాడు. మీరేమో తిప్పి పంపుతారు."

లోపల పెట్టెలు కడుతున్న దర్జీ దగ్గాడు.

ఈలోగా మా పిల్ల తన చేతి బ్యాండు తీసి పళ్ళతో దారం కొరికేసింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, అందులోంచి ఐదు పూసలు తీసి ఆ పిల్ల బ్యాండులో కలిపి మళ్ళీ గుచ్చారు. కొలవలేదు. మణికట్టుకు చుట్టి, సందులో వేలు దూర్చి చూసుకున్నారు. ఎందుకు ముందు తనకు చెప్పలేదని మా పిల్ల అప్పుడడిగింది. చెబితే ఏడుస్తావని, అంది ఆ పిల్ల. కాసేపటికి ఇద్దరూ ఏడ్చారు.

నేను లేచి ఇంటికి వచ్చి, డైరీలో పదమూడున్నర పక్కన "ప్లస్ ఐదు పూసలు" అని రాశాను.

సోమవారం స్టేషనుకు ఆ కొత్త చొక్కాతోనే వెళ్ళాను. కిటికీలోంచి ఆ పిల్ల నన్ను కిందా పైనా చూసింది.

"ఎలా ఉంది తాతయ్యా?"

"వదులుగానే ఉంది," అన్నాను. "ఉండనీలే."