తిప్పి చూడమన్న అత్త

మంగళవారం పొద్దున్న ఐసు బండి డ్రైవరు ఇంజను ఆపకుండానే చెప్పాడు, అత్త పోయిందని. గుండెపోటట. చేతిలో స్పానరు బల్ల మీద పెట్టేసి షెడ్డు మూసేశాను. పేరుకే అత్త, మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆమె ఉద్దానం ఒడ్డున మత్స్యకారుల ఇంటి మనిషి. నేను పలాసకి ఇవతల రోడ్డు పక్కన పికప్పులు బాగుచేసుకునే మెకానిక్కుని. మొదటిసారి బండి తెచ్చినప్పుడే నన్ను "అల్లుడా" అంది. ఇంకో పిలుపుకి నాకు అవకాశమే ఇవ్వలేదు.

భర్త వేటకి వెళితే, ఒడ్డుకి చేరిన చేపని తన పికప్పులో పలాస చేర్చడం ఆమె పని. మా వైపు చేపల బుట్ట నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళని రోజూ చూస్తాం. స్టీరింగు పట్టిన ఆడమనిషిని మాత్రం ఈమెనే చూశాను. బండి ఎక్కేముందు అద్దంలో చూసుకుని మొహానికి పౌడరు రాసుకునేది. చేపల వాసనలో ఈ సోకు దేనికత్తా అని నవ్వితే, "సేప సేపే, నాను నానే. బజారుకెల్తే మొకం బాగోవద్దేటి?" అనేది. ఎప్పుడొచ్చినా నాలుగు కానాగంత చేపలు పొట్లం కట్టి నా బల్ల మీద పెట్టేది. వద్దంటే తిట్టేది.

అలాంటి మనిషికి నేను చేసిన నిర్వాకం దాచుకోను. పోయిన వానాకాలం ఆమె బండికి పవర్ స్టీరింగు ఆయిలు కారడం మొదలైంది. రెండుసార్లు తెచ్చింది. చుక్క పంపు కింద పడుతోంది కాబట్టి రెండుసార్లూ పంపుకి సీళ్ళు మార్చి పంపాను. "అల్లుడా, తిన్నగా ఎల్తే కారదు. తోటల్లో మలుపులకి బిగించి తిప్పినప్పుడే కారతంది" అని ఆమె చెబుతూనే ఉంది. వింటేగా నేను! టెక్కలిలో పదేళ్ళు పని నేర్చుకున్నవాణ్ణి, చేపలు తోలుకునే మనిషి నాకు చెప్పేదేమిటని లోపల పొగరు.

ఆ రెండుసార్లూ సరుకు పలాసకి ఆలస్యంగా చేరింది. ఇంకోసారి ఆలస్యమైతే వేరే బండి పెట్టుకుంటామని పడవలవాళ్ళు తెగేసి చెప్పారు. ఆ వారంలోనే మళ్ళీ వచ్చింది, నిండా చేపలతో, పంపు కీచుమంటుండగా. స్టీరింగు ఎంత బిగుసుకుపోయిందంటే, దిగాక ఆమె రెండు భుజాలూ పిసుక్కుంటోంది. కొనేవాళ్ళ లారీ పదింటికి పలాసలో బయల్దేరిపోతుంది. అప్పటికి ఎనిమిదిన్నర. నేను అలవాటుగా పంపు విప్పడానికి వంగాను.

"లెగు. దాన్ని ముట్టుకోకు" అంది.

పాత గుడ్డతో పంపూ పైపులూ తనే శుభ్రంగా తుడిచింది. తన పౌడరు డబ్బా తెచ్చి వాటిమీద తెల్లగా చల్లింది. నా చేత ఆయిలు పోయించి, "నువ్వెక్కి బండి స్టార్టు సెయ్యి. స్టీరింగు ఆ కొసకంటా తిప్పి పట్టు" అంది. పట్టాను.

"ఇదిగో! దిగి సూడల్లుడా!"

పంపు నుంచి పైకి వెళ్ళే పైపుకి ఇనప పట్టీ పక్కన, తెల్లటి పౌడరులో తడి గీత. స్టీరింగు కొసకంటా తిప్పినప్పుడు పైపులో ఒత్తిడి పెరిగి అక్కడి సన్నని పగులు తెరుచుకుంటోంది. ఆయిలు పైపు వెంట జారి పంపు మీదికి వచ్చి చుక్కలవుతోంది. చుక్క పడ్డచోటే నేను ఇన్నాళ్ళూ కుస్తీ పట్టాను. సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, సంతోషమూ వేసింది.

"తప్పు నాదేనత్తా" అన్నాను.

"నీ తప్పు తరవాత సూద్దారి. నా లారీ ఎల్లిపోద్ది!"

స్కూటరు మీద పరుగున వెళ్ళి కొత్త పైపు తెచ్చి బిగించాను. ఆయిలు పోస్తే, స్టీరింగు ఆయిలు డబ్బాలో బుడగలు ఆగేదాకా ఆమె స్టీరింగుని ఇటూ అటూ నెమ్మదిగా తిప్పింది. మళ్ళీ పౌడరు చల్లించింది. రెండు వైపులా కొసకంటా తిప్పినా తడి లేదు. తొమ్మిదీ పాతికకి బండి కదిలింది. పదికి అయిదు నిమిషాలుండగా ఫోను: "సరుకు దించీసేను!"

అప్పట్నుంచి ఎవరు ఏ బండి తెచ్చినా, విప్పేముందు వాళ్ళు చెప్పింది పూర్తిగా వింటున్నాను. నాకు పని నేర్పినవాళ్ళలో ఆమెని ముందు చెప్పుకుంటాను.

పైపు మార్చిన ఆ రోజు మధ్యాహ్నం ఖాళీ బండితో తిరిగొస్తూ మా షెడ్డు ముందుకి మళ్ళింది. దిగలేదు. స్టీరింగు కొసకంటా తిప్పిపట్టి, నన్ను మధ్యలో నిలబెట్టి, హారను మోగిస్తూ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. వెనక ఖాళీ ట్రేలు గలగలమంటున్నాయి. ఆమెతో పాటు నేనూ ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాను.

"కారతందేటల్లుడా?"

"లేదత్తా!"

"పడవలోల్లకి రేపూ నా బండే!" అని కిటికీలోంచి అరిచి, ఇంకో చుట్టు తిరిగింది.