ఆమె కొడితె ఒక్క కిక్కే

నా బండికి నాకంటె నాలుగేండ్లు ఎక్కువ వయసు. సీటు చినిగి, తుప్పు పట్టి, ఒకరి కోళ్లగూడు పక్కన పడి ఉంటె తెచ్చుకున్న. మూడేండ్లు ఒక్కొక్క సామాను ఎతికి ఎతికి బిగించి లేపిన. మట్టెవాడ గల్లీల నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్లు తక్కువ, పాతబండి సారు అనే అంటరు. హసన్‌పర్తి దిక్కు ఒక కాలేజీల గుమాస్తా కొలువు నాది. కొలువు గురించి అడిగితె రెండు ముక్కల్ల చెప్త. బండి గురించి అడిగితె చేతుల ఉన్న చాయ్ చల్లారేదాక చెప్త.

ఆ బండిని స్టార్ట్ చేసుడు అంటె బటన్ నొక్కుడు కాదు. హెడ్‌లైట్ మీద చిన్న మీటర్ ఉంటది. కిక్కును మెల్లగ కిందికి తొక్కుకుంట పోతె దాని ముల్లు ఒక పక్కకు ఒరిగి మళ్ల నడుమకు వస్తది. అప్పుడు హ్యాండిల్ కింద ఉన్న, ఇంజను బిగువు తగ్గించే చిన్న లివర్ పట్టి, ఇంకింత తొక్కి, లివర్ వదిలి, గప్పుడు కొట్టాలె. తొందరపడితె కిక్కు ఎదురు తంతది. దినం మంచిగుంటె నాకు నాలుగు కిక్కులు, లేకుంటె ఎనిమిది. పాత బండి అంటె అట్లనే ఉండాలె అనుకునేటోన్ని. మా ఆమె గుడ్డ తీసుకొని తుడువబోయినా, "చెయ్యి పెట్టకు, సెట్టింగ్ పోతది" అనేటోన్ని. పద్నాలుగేండ్ల కాపురంల ఆమె జాగ వెనుక సీటే.

లాక్‌డౌన్ పెట్టంగనె కాలేజీ బందయింది. ఇంట్ల ఇద్దరమే. ఆదివారం చర్చి గూడ ఫోన్లనే. బండిని ఊకె నిలబెడితె బ్యాటరీ పోతది, కార్బరేటర్ల పెట్రోలు జిగటవడ్తది. అందుకని దినం విడిచి దినం పొద్దుగాల వాకిట్ల ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచేటోన్ని. ఎదురింటి కిరాణం కాక సగం షట్టర్ ఎత్తుకొని కూసొని నా కిక్కులు లెక్కపెట్టేటోడు. గిరాకీ లేదు, ఆయనకు గూడ పొద్దు పోవాలె గదా. "తమ్మీ, ఇయ్యాల ఆరు" అనేటోడు.

ఒక దినం "ఏడు" అన్నడు, నాకు చిర్రెత్తింది. ముల్లు చూడకుండ ఎనిమిదోది కొట్టిన. కిక్కు ఎదురు తన్ని చీలమండ వంకాయ లెక్క వాచింది. దవాఖానకు పోదామంటె కరోనా భయం. డాక్టర్ ఫోన్లనే కాలు కదపొద్దన్నడు, నొప్పి బిళ్లలు రాసిండు. మంచం మీద కూసొని నేను కాలు గురించి ఏడువలే, బండి గురించి ఏడ్చిన. నెల రోజులు స్టార్ట్ చెయ్యకుంటె ఖతం అయితది అని పొద్దంత సణిగిన.

సణుగుడు ఇని ఇని మూడో రోజు మా ఆమె, "నేను కొట్టి చూస్త తియ్యి" అన్నది. నవ్విన. ఆమె నైటీ మీద తువ్వాల కప్పుకొని, నా బూట్లల్ల కాళ్లు దూర్చింది. రెండు సైజులు పెద్దయి. నాకు దర్వాజ కాడ కుర్చీ ఏసి కూసోబెట్టి బండి దగ్గరికి పోయింది. "మొదలు తాళం, తర్వాత..." అని నేను చెప్పుడు షురూ చేసిన. ఆమె ఇనలే. పెట్రోలు తిప్పింది, తాళం తిప్పింది, కిక్కు మెల్లగ తొక్కింది. ముల్లు నడుమకు రాంగనె లివర్ పట్టి, వదిలి, ఒక్కటి కొట్టింది. స్టార్టయింది.

"ఒక్కటి" అన్నడు కాక, షట్టర్ కిందికెళ్లి.

ఎక్కడ నేర్చినవని అడిగిన. "మా బాపుకు గిసొంటిదే ఉండె గదా" అన్నది. ఆమెది ఏటూరునాగారం. బాపు ఆ అడవి ఊర్లు తిరిగి జరం బిళ్లలు పంచేటోడు, మా పెండ్లికి ముందే పోయిండు. ఆయన తయారై బయటికి వచ్చేలోపట బండి స్టార్ట్ చేసి వేడి చేసుడు ఆమె పనట. మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదంటె, "నువ్వు చెయ్యి పెట్టనిస్తె గదా" అన్నది.

నిజం చెప్తాన, నాకు సంతోషం కాలే. కడుపు మండింది. మూడేండ్లు గ్రీసుల మునిగి నేను లేపిన బండి, ఎన్నడు ముట్టని మనిషికి ఒక్క కిక్కుకే లేస్తదా? సిగ్గులేని బండి. దినం విడిచి మళ్ల కొట్టినా ఒక్కటే, ఇంకొక దినం విడిచి కొట్టినా ఒక్కటే. మొఖమన్న చూడని మామ మీద గూడ కుళ్ళుకున్న. ఆయనే ఉండి ఉంటె నేను ముందట కూసొని ఆయనతోని ఒక్కసారన్న ఎనిమిది కిక్కులు కొట్టించేటోన్ని.

అన్నిటికంటె నన్ను కాల్చింది ఇంకొకటి. స్టార్టయినంక ఆమె ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, కండ్లు మూసుకొని, ఆ చప్పుడు ఇనుకుంట నిలబడేది. మొఖంల ఒక తీరు నవ్వు. ఆ నవ్వు పద్నాలుగేండ్లల్ల నేను చూడలే. నేను తెప్పించిన నవ్వు కాదది, నా కోసం గూడ కాదు. కుర్చీల కూసొని ఆ ఐదు నిమిషాలు ఎప్పుడైపోతయా అని చూసేటోన్ని. "రేస్ ఎక్కువిస్తానవ్, పెట్రోలు దండుగ" అని ఏదో ఒక వంక పెట్టేటోన్ని. ఆమె సరే అని తగ్గించేది. కొట్లాటకన్న రాదాయె.

కాక ఊకున్నడా? ఫోన్ల వీడియో తీసి నాకు పంపిండు, పోనీ అంటె గల్లీ గ్రూపుల గూడ ఏసిండు. అక్కడికెళ్లి మా పాత బండ్ల దోస్తుల గ్రూపులకు వచ్చింది. ఇన్నేండ్ల సంది ఆ గ్రూపుల నా బండి ఫొటో పెడితె రెండు బొటనవేళ్లు వచ్చేటివి. ఆమె వీడియోకు ముప్పై మంది ఎగవడ్డరు. "అన్నా, వదినను ఇన్నేండ్లు దాచిపెట్టినవ్ గదనే" అని ఒకడు. "వదిన టైమింగ్ చూసి నేర్చుకో అన్నా" అని ఇంకొకడు. "పాతబండి మేడం" అని ఇంకొకడు. ఆ మాట కాడ నాకు భయం గూడ పట్టుకున్నది. కాలు మంచిగైనంక మళ్ల నేనే కొట్టాలె, కాక మళ్ల ఎనిమిది అంటడు. ఆ బండి ఆమెదైపోతె నేనేమైత? హసన్‌పర్తి గుమాస్తానైత. అంతకు మించి నా దగ్గర ఏముండె?

అప్పటికి గోడ పట్టుకొని నడుస్తాన. ఒక ఆదివారం ఆమె ఫోన్ను బియ్యం డబ్బాకు ఆనించి, నెత్తి మీద చున్నీ ఏసుకొని ప్రార్థనల కూసున్నది. పాస్టర్ గారు మొదలు పెడితె జల్ది ఆపరు. అందరు కండ్లు మూసుకున్నరు. నేను కాలు గుంజుతాందని లేచి, వాకిట్లకు పోయిన.

ఇంజను పక్కన చిన్న మూత కింద రెండు పాయింట్లు ఉంటయి. అవి కలిసి విడిపోతెనే ప్లగ్గుకు మంట. నడుమ ఏదన్న అడ్డముంటె ఎన్ని కిక్కులు కొట్టినా బండి లేవది. నా నొప్పి బిళ్లల డబ్బా అట్ట సన్నగ చింపి, మూత తీసి, ఆ రెంటి నడుమ దూర్చిన. మూత పెట్టి స్క్రూలు బిగించిన. ఆమెన్ చెప్పేలోపట వచ్చి కూసున్న. నేను గూడ ఆమెన్ అన్న.

తెల్లారి ఆమె, అలవాటయింది గదా, ముల్లు దిక్కు చూడకుండనె కొట్టింది. లేవలే. రెండు, మూడు, నాలుగు. కాక ముందుగాల లెక్కపెట్టిండు, ఆరు కాడ లెక్క ఆపి షట్టర్ కిందికెళ్లి తల బయటికి పెట్టిండు. నేను చాయ్ తాగుకుంట, "ఇయ్యాల బండికి మూడ్ లేనట్టుంది" అన్న. దాపరికం ఎందుకు, ఆ చాయ్ మస్తు రుచి అనిపించింది. తొమ్మిదోదానికి బూటు జారి కిక్కు ఆమె పిక్కకు గీరుకున్నది, రక్తం వచ్చింది. తువ్వాలతోని ఒత్తుకున్నది, బండిని ఒక్క మాట అనలే.

ఆ తర్వాత ఆమె కొట్టుడు ఆపి, కిక్కును చేతితోని మెల్లగ కిందికి నొక్కుకుంట మీటర్ దిక్కే చూసింది. మళ్ల నొక్కింది. నాకు అప్పుడు యాదికొచ్చింది. ఆ ముల్లు ఒరిగేది పాయింట్లు కలిసినప్పుడే. అడ్డం పెడితె అది కదలది, ఎన్నిమాట్ల తొక్కినా నడుమనే నిలబడ్తది. ఇన్నేండ్లు గ్రూపుల అందరికి ఆ సంగతి పాఠం లెక్క చెప్పినోన్ని, నేనే మరిచిపోయిన. ఆమె హారన్ నొక్కింది. హారన్ మోగింది, అంటె బ్యాటరీ ఉన్నది. ఇంక ప్లగ్గు జోలికి పోలే, స్క్రూడ్రైవర్ తెచ్చి సీదా ఆ మూత కాడ కూసున్నది.

అట్టముక్క తీసింది. దాని మీద బిళ్ల పేరు సగం కనిపిస్తాంది. ఆ బిళ్లలు ఇంట్ల ఏసుకునేది నేనొక్కన్నే. ఆమె దాన్నే చాలాసేపు చూసింది, నా దిక్కు చూడలే. మూత బిగించి ఒక్క కిక్కు కొట్టింది, లేచింది, ఎంటనే బందు చేసింది. ట్యాంకు మీద చెయ్యి పెట్టలే. బూట్లు ఇడిచి లోపటికి పోయింది. కొద్దిసేపటికి నాకు మంచినీళ్లు, బిళ్ల తెచ్చిచ్చింది, సాసర్ల బిళ్ల పక్కన ఆ అట్టముక్క. తిట్టినా బాగుండు.

ఆ దినం సంది ఆమె బండి దగ్గరికి పోలే, నేను అడుగలే. బ్యాటరీ పోయింది. లాక్‌డౌన్ తీసినంక, కాలు బాగైనంక, బ్యాటరీ చార్జింగ్ పెట్టించి తెచ్చి బిగించిన. ఆమె వంటింట్ల బీరకాయలు చెక్కు తీస్తాంది. పక్కన పోయి కూసున్న.

"ఆ అట్టముక్క నేనే పెట్టిన" అన్న.

"ఎరుకే."

"నిన్ను చూసి ఓర్వలేకపోయిన."

"అది గూడ ఎరుకే. వద్దు అని నోటితోని అంటె అయిపోవు గదా. మానేద్దును."

"ఇప్పుడు నోటితోనే అంటాన. నువ్వే కొట్టు, నువ్వే నడుపు, నేను వెనుక కూసుంట. చెరువు దాక పోయొద్దాం."

తాళం ఆమె ముందట పెట్టిన. ఆమె చేతులు తుడుచుకొని తాళం పట్టుకున్నది. నాకు పానం లేచొచ్చింది. దాన్ని అటిటు తిప్పి చూసి, నా చేతుల పెట్టి, మళ్ల బీరకాయ అందుకున్నది.

"నాకు వద్దయ్యా" అన్నది. "ఇప్పుడు కిక్కు కొట్టాలంటె, ప్రతిసారి ముందుగాల మూత తీసి చూడాలె అనిపిస్తది."