మా కంప్యూటర్‌కు రెండో దారి

మా బాపు పగటిపూట ఇంట్లో మెలకువగా ఉండడం నేను తెలంగాణ సమ్మెలోనే చూశాను. భూపాలపల్లిలో బొగ్గు గనిని అందరం బాయి అనే అంటాం. బాయి పని చేసే మనిషికి పగలంటే డ్యూటీ, లేదంటే నిద్ర. సమ్మెతో బాయిలన్నీ ఆగాయి. బాపు పొద్దున్నే దీక్షా శిబిరంలో కాసేపు కూర్చుని, పదింటికల్లా క్వార్టర్‌కు వచ్చేవాడు. ఏం చెయ్యాలో తోచక, కంప్యూటర్ ముందున్న నా వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నాకది చచ్చేంత చిరాకు.

నేను జనగామలో డిగ్రీ చివరి సంవత్సరం, కంప్యూటర్లే నా సబ్జెక్టు. బస్సులు ఆగకముందే హాస్టల్ ఖాళీ చేసి, నా సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, మానిటర్‌ను కాళ్ల మధ్య ఇరికించుకుని ఇంటికి వచ్చాను. ఆరు నెలలు కూర్చుని రాసిన ప్రాజెక్టు అందులోనే ఉంది. కాలేజీ తెరవగానే దాన్ని విండోస్‌లో కాదు, లినక్స్ అనే ఇంకో సిస్టంలో నడిపి చూపించాలని మా సారు చెప్పారు. అంతకుముందు పరీక్ష తప్పి ఒక ఏడాది వెనకబడ్డాను. ఈసారీ తప్పితే చదువు మానిపిస్తానని అమ్మ ముందే చెప్పింది. మా అమ్మ ఉత్తుత్తిగా బెదిరించే మనిషి కాదు.

కంప్యూటర్లో ఉన్నది విండోస్ ఒక్కటే. మా హాస్టల్లో ఉండే మహబూబాబాద్ అక్క ఒకామె, పీజీ చదివేది, లినక్స్ సీడీ ఇచ్చి, ఏది నొక్కాక ఏది నొక్కాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. "నీ డిస్కు చిన్నది. రెండు వెట్టుకుంటే నెత్తినొప్పి. పాతది మొత్తం తుడిచెయ్" అంది. అక్క మాటంటే నాకు వేదం. తుడిచేముందు ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అక్కడి నుంచి తెరిచి కూడా చూశాను. తెరుచుకుంది. నా అంత జాగ్రత్త గల పిల్ల ఉండదనుకున్నాను.

బొగ్గు ఆగేసరికి కరెంటు కోతలు మొదలయ్యాయి. ఊరి దగ్గరే కరెంటు తయారుచేసే ప్లాంటు ఉన్నా, అప్పటిదాకా కోతంటే ఎరగని మా క్వార్టర్లలో అందరూ అట్టముక్కలతో విసురుకుంటున్నారు. పన్నెండింటికి కరెంటు పోతుందని, ఆ రోజు పదింటికే సీడీ పెట్టాను. బాపు కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చాడు.

"గిదేంది బిడ్డా, ఏం జేస్తున్నవ్?"

"పాత సిస్టం తీసేసి కొత్తది పెడ్తున్న బాపూ."

"పాతది ఉండనియ్యరాదు? రెండు పట్టయా?"

"పడ్తయి గని, తిప్పలైతది."

"తిప్పలైతే పడు. బాయిల ఒక్క దారి వెట్టి మనుషులను దింపరు బిడ్డా. దిగెతందుకు ఒకటుంటే, అది గూలితే బయటపడెతందుకు ఇంకోటుంటది. రెండో దారి లేకపోతే అది బాయి కాదు, బొంద."

బాయికీ కంప్యూటర్‌కూ ఏం సంబంధమని కసురుకున్నాను. చదివింది నేనా నువ్వా అని కూడా అన్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఇక విసిగిపోయి, అంతా తుడిచెయ్యమనే చోట కాకుండా, రెండూ పక్కపక్కన ఉంచమనే చోట టిక్కు పెట్టాను. మాట నెగ్గించుకున్నాడు కాబట్టి కుర్చీ తీసుకుని వెళ్తాడేమోనని నా ఆశ. వెళ్లలేదు. డిస్కు రెండు ముక్కలవుతుంటే చూసి, "ఆడ రాష్ట్రం ఇంకా వస్తలేదు గని, నీ డబ్బల పంపకాలు అప్పుడే అయినయి" అని నవ్వాడు.

పదకొండు దాటాక పని పూర్తయింది. కంప్యూటర్ మళ్లీ వెలగగానే తెర మీద రెండు పేర్లు వచ్చాయి, ఏది కావాలంటే అది ఎంచుకోమని. లినక్స్ ఎంచుకుంటే చక్కగా తెరుచుకుంది. తర్వాత విండోస్ ఎంచుకున్నాను. నల్లటి తెర మీద ఒక తెల్ల గీత వచ్చి ఆగిపోయింది. మూడుసార్లు ఆపి మళ్లీ వేశాను. మూడుసార్లూ అంతే. ముందు రోజు విండోస్ నడుస్తుండగానే కరెంటు పోయింది. అట్లా పోయినప్పుడు డిస్కును తనిఖీ చేశాకే ముక్కలు చెయ్యాలట. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

అయినా భయపడలేదు, పెన్‌డ్రైవ్ ఉందిగా. లినక్స్‌లోకి వెళ్లి దాన్ని పెట్టాను. అందులో ఒకే ఒక్క ఫైలు ఉంది, గోరంత సైజుది. ఎంత నొక్కినా తెరుచుకోదు. అప్పుడు అర్థమైంది నేను చేసిన నిర్వాకం. డెస్క్‌టాప్ మీదున్న ప్రాజెక్టు బొమ్మను తీసి పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఆ బొమ్మ ప్రాజెక్టు కాదు, ప్రాజెక్టు ఎక్కడుందో చూపించే గుర్తు మాత్రమే. పెట్టెను ఇంట్లోనే వదిలేసి, దాని చిరునామా రాసిన చీటీ జేబులో వేసుకున్నట్టు. అదే కంప్యూటర్లో తెరిచి చూశాను కాబట్టి ఆ చీటీ నన్ను నేరుగా పెట్టె దగ్గరికి తీసుకెళ్లింది.

ఆరు నెలల పని, నా డిగ్రీ, అమ్మ అన్న మాట, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కోపమంతా బాపు మీద పడింది. "నువ్వే జేసినవ్! రెండు వెట్టుమంటివి. ఇప్పుడు పాతది లేస్తలేదు. నా ప్రాజెక్టు మొత్తం పోయింది!" అని అరిచాను. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

బాపు మాత్రం నెమ్మదిగా అడిగాడు. "పాత దారి మూతవడ్డది, అంతేగద. లోపలున్నది పోయిందని ఎవరు జెప్పిన్రు? కొత్త దారి తెరిచే ఉన్నది. అండ్లకెళ్లి పోయి జూడు. బాయిల రెండు దారులు లోపల కలుస్తయి."

అంత చదివిన నాకు ఆ ఆలోచనే రాలేదు. లినక్స్‌లో ఎడమ పక్కన డిస్కు బొమ్మ ఒకటి ఉంది. దాన్ని నొక్కాను. విండోస్‌లో నేను దాచుకున్న ఫోల్డర్లన్నీ వరసగా కనిపించాయి. ప్రాజెక్టు తెరిచాను. మొదటి పేజీ మీద నా పేరు, హాల్ టికెట్ నంబరు. ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను.

"అన్ని బయటికి దియ్యి. ఎన్ని ఉండెనో, ఎన్ని వచ్చినయో లెక్కవెట్టు" అన్నాడు బాపు. బాయిలో దిగినవాళ్లెందరో, పైకి వచ్చినవాళ్లెందరో లెక్క కుదిరేదాకా షిఫ్టు ముగిసినట్టు కాదట. ఈసారి గుర్తును కాదు, అసలు ఫైళ్లనే పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చాను. నేను ఒక్కొక్కటి చదువుతుంటే ఆయన వేళ్లు ముడిచాడు. ఇరవై మూడు. ఒక్కటీ తప్పలేదు. పెన్‌డ్రైవ్ తీసిన కాసేపటికి కరెంటు పోయింది. "ఇగ పోతే పోనీ" అన్నాడు.

అక్క చెప్పినట్టు అంతా తుడిచి ఉంటే నా చేతిలో మిగిలేది ఆ చీటీ ఒక్కటే. ఆగిపోయిన ఫ్యాన్ కింద ముఖం తుడుచుకుంటూ ఊరికే అడిగాను. "నువ్వెప్పుడన్న ఆ రెండో దారిన వచ్చినవా బాపూ?"

"ఒకపారి వచ్చిన. నువ్వు అప్పుడు చిన్నబడికి పోతుంటివి. మీ అమ్మకు చెప్పలే, నువ్వూ చెప్పకు" అన్నాడు, వంటింటి వైపు చూస్తూ.

సమ్మె ముగిశాక కాలేజీ తెరవడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. తెరిచాక ప్రాజెక్టు నడిచింది, నేను పాసయ్యాను. కానీ నాకు బాగా గుర్తున్నది అంతకుముందు ఒక రోజు, బాపు మళ్లీ మొదటి షిఫ్టుకు వెళ్లిన రోజు. ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడు వెళ్లాడో, ఎప్పుడు వచ్చాడో నేను పట్టించుకున్నది లేదు. ఆ సాయంత్రం మాత్రం నాలుగు కాకముందే వెళ్లి గడపలో కూర్చున్నాను. బొగ్గు మరకల చొక్కాతో, చేతిలో టిఫిన్ డబ్బాతో ఆయన సందు మలుపు తిరగడం కనిపించింది.

"వచ్చినవా బాపూ?" అన్నాను.

"రాకుంట యాడికి పోత?" అని, ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఇరవై మూడు ఫైళ్లూ దొరికిన రోజు కూడా నాకు అంత నిమ్మళం అనిపించలేదు.