మలేషియాలో ఆగిన కార్డు

కరోనా సద్దుమణిగిన రెండో ఏడాది. నారాయణఖేడ్‌లోని మా బ్యాంకు బ్రాంచిలో నేను కార్డుల పని చూసేదాన్ని. కందుల సీజన్ కావడంతో హాలు నిండా రైతులే. వాళ్లను తప్పించుకుంటూ సంగప్ప వచ్చి, చేతిలోని ఫోన్ నా ముందు పెట్టాడు.

"మేడం, నా భార్యతోని జర మాట్లాడు. మలేషియాల పరేషాన్ల ఉంది."

సంగప్పది నాగల్‌గిద్ద దగ్గర పల్లె. భార్య సావిత్రి బడిలో ఆటల టీచరు. నలభై దాటినవాళ్ల అథ్లెటిక్స్ పోటీలో ఇనుప గుండు విసరడానికి (షాట్‌పుట్) వెళ్లింది. వీడియో కాల్‌లో ఆమె వెనుక ఆసుపత్రి కుర్చీలు కనిపించాయి. తోడు వెళ్లిన బీదర్ క్రీడాకారిణి మహాదేవికి అపెండిక్స్ ముదిరింది, ఆపరేషన్ చేయాలన్నారు. ఇన్సూరెన్స్ డబ్బు తర్వాత వస్తుంది కానీ, ముందు డిపాజిట్ కట్టాలి. మహాదేవి దగ్గర కార్డు లేదు, ఇద్దరి దగ్గరున్న నగదూ చాలలేదు.

"ఖాతల పైసలున్నయి మేడం. మరి కార్డు ఎందుకు పడ్తలేదు?" అంది సావిత్రి.

కంప్యూటర్‌లో చూస్తే తెలిసింది. ఆమె డెబిట్ కార్డుకు 'ఇంటర్నేషనల్ యూసేజ్', అంటే విదేశాల్లో వాడే వీలు, ఆన్ చేసి లేదు. ఖాతాదారు తనంతట తాను ఆన్ చేసుకుంటేనే అది పనిచేస్తుంది. యాప్‌లో చేసుకోవచ్చు, కానీ ఓటీపీ ఆమె సిమ్‌కే వస్తుంది. రోమింగ్ లేక ఆ సిమ్‌కు అక్కడ సిగ్నలే లేదు. ఆసుపత్రి వైఫైతో మాట్లాడుతోంది.

"మీరే చెయ్యున్రి. ఆమె పిన్ నాకెర్కే, చెప్తా," అన్నాడు సంగప్ప.

"చెప్పకు. ఆమె ఖాతా, ఆమే చేయాలి. నేను చేయరాదు."

"గాడ మనిషి పాణం మీదికొస్తే, నువ్వు గీడ రూల్ చెప్తున్నవా?"

హాలంతా మావైపు తిరిగింది. అతని కోపంలో తప్పు లేదు. నేను మాత్రం నియమం దాటలేను. అప్పుడు తట్టింది: సిమ్ ఒక్కటి పనిచేస్తే చాలు.

"సంగప్పా, ఆమె నంబరుకు రోమింగ్ ప్యాక్ నీ ఫోన్ నుంచే వెయ్యొచ్చు. వేశాక ఆమె ఫోన్ ఒకసారి ఆపి పెట్టాలె, కాల్ కట్ చెయ్యి."

"కట్ చేస్తే మల్ల కలుస్తదా?" అతని వేలు తెర మీద ఆగిపోయింది.

"చేస్తనయ్యా, నేనే చేస్త. జల్దీ వెయ్యి," అంది సావిత్రి అవతలి నుంచి.

ప్యాక్ వేశాం. ఆమె ఫోన్ ఆపి మళ్లీ పెట్టి, రోమింగ్ ఆన్ చేసి, కాల్ చేసేదాకా సంగప్ప కూర్చోలేదు. "ఓటీపీ వచ్చింది మేడం!" అని ఆమె అంకెలు చదవబోతే ఆపాను. "నాకు చెప్పకు. నువ్వే కొట్టు."

కొట్టింది. అక్కడ ఎంత వాడొచ్చో పరిమితి కూడా పెట్టుకుంది. ఫోన్ పట్టుకునే బిల్లింగ్ కౌంటర్‌కు నడిచింది. మాకు ఆసుపత్రి పైకప్పు మాత్రమే కనిపిస్తోంది. కాసేపటికి కార్డు మెషిన్ నుంచి రసీదు వచ్చిన చప్పుడు, ఆ వెంటే పక్కనే ఉన్న మహాదేవితో కన్నడంలో ఆమె గొంతు: "ఆయ్తు అక్కా, ఆయ్తు!" అయిపోయిందని.

ఆపరేషన్ బాగా జరిగింది. సావిత్రి పోటీ ఆ మధ్యాహ్నమే ఉండింది. ఆమె మైదానానికి పోలేదు, మహాదేవి పక్కనే ఉండిపోయింది.

కుదరదని చెప్పాక కూడా నా పని మిగిలే ఉంటుందని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు విదేశం వెళ్తామని ఎవరొచ్చినా ఎదురుగా కూర్చోబెట్టి, కార్డూ రోమింగూ వాళ్ల చేత్తోనే ఆన్ చేయిస్తాను. డబ్బంతా ఒకే కార్డులో, ఒకే సంచిలో పెట్టుకోవద్దంటాను.

అలా మొదట కూర్చున్నవాడు సంగప్పే. తన కార్డు బల్ల మీద పెట్టాడు.

"నువ్వు ఏ దేశం పోతున్నవు?" అన్నాను.

"నేనేడికి పోత మేడం? మల్లోసారి ఆమె ఫోన్ చేస్తే, నీ దగ్గరికి ఉర్కి రాకుండ నేనే చెప్పాలె. నేర్పియ్యి."