మా వెంటిలేటర్లో గుడ్లగూబ

న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కి వెనక వరండా పైన ఓ పాత వెంటిలేటర్ ఉంది. దాని జాలీ ఎప్పుడో ఊడిపోతే, లోపలి అటకలో తెల్లమొహం గుడ్లగూబ ఒకటి కాపురం పెట్టింది. నేను బళ్లో సైన్సు చెబుతాను. ఆహారపు గొలుసు అనగానే బోర్డు మీద చివర్న పులి బొమ్మ వేయడం అలవాటు. రైల్వే క్వార్టర్లలో పులి ఎక్కణ్ణుంచి వస్తుంది? మా గొలుసుకి పై చివర మా వరండా మీదే ఉందని తట్టడానికి నాకు చాలాకాలం పట్టింది.

అది ఎలుకని నిలువునా మింగి, అరగని బొచ్చునీ ఎముకల్నీ ఉండచుట్టి కక్కేస్తుంది. పొద్దున్నే ఆ ఉండల్ని నీళ్లలో నానబెట్టి పిన్నీసుతో విప్పేదాన్ని. ఒక్కోదాంట్లో రెండు మూడు పుర్రెలు, పసుప్పచ్చ పళ్లతో సహా. ఇంట్లోవాళ్లు ముక్కులు మూసుకునేవారు. నాకు మాత్రం భలే సరదాగా ఉండేది.

మంచం పట్టిన మా నాన్నమ్మకి అది యముడు పంపిన కబురు. దీపాలవేళ అది కీచుమని అరిస్తే వణికిపోయేది.

"నాకోసమే వచ్చినాదిరా బావు. పంపించీ దాన్ని" అని నాన్నని బతిమాలేది.

పక్క క్వార్టర్ బెంగాలీ పిన్నిగారు, మేం కాకిమా అని పిలిచే ఆవిడ, ఆ మాట విని చెంపలేసుకుంది. వాళ్ల లక్ష్మీదేవి ఎక్కి తిరిగేది గుడ్లగూబనే. మావాళ్లకేమో అది ఇంటిమీద వాలితే శాంతి చేయించాలి. ఒకటే పిట్ట, గోడకి అటు సిరి, ఇటు చావు. నాన్న తల్లి మాటే విన్నారు. వర్క్‌షాప్‌లో ఫిట్టర్ కదా, అది వేటకెళ్లిన వేళ చూసి వెంటిలేటర్‌కి కొలతపెట్టి రేకు కోసి స్క్రూలు బిగించేశారు. నాకు ఒళ్లు మండింది.

నెల తిరక్కముందే ఎలుకలకి ఆడింది ఆట, పాడింది పాట అయింది. బియ్యం డబ్బా మూత కొరికేశాయి, స్కూటర్ వైర్లు తెంపేశాయి. కాలనీలో పిల్లి లేకపోలేదు గానీ, ఇంటింటా చేప తలకాయలు తిని బలిసినదానికి ఎలుకతో ఏం పని? ఒక్క పిట్ట ఇన్నింటిని ఎలా ఆపిందా అని నాకు ఆశ్చర్యం. తిన్నవాటి లెక్క ఒక్కటే కాదేమో. నాన్నమ్మని వణికించిన ఆ అరుపే వినబడితే, తక్కినవి కన్నాల్లోంచి బయటికే వచ్చేవి కావేమో.

ఓ పొద్దున చూస్తే నాన్నమ్మ దుప్పటి మీద రక్తం. కాలి బొటనవేలు ఎలుకలు కొరికేశాయి. స్పర్శ లేని కాలు, ఆవిడకి తెలియనే లేదు. ఆస్పత్రిలో సూది వేయించి తీసుకొచ్చాక నాన్న ఆ కాలు పట్టుకుని ఏడ్చేశారు.

"ఏడుస్తావేటిరా? ఆ రేకు తీసీ" అంది నాన్నమ్మ.

"మళ్లీ అదొస్తాదే అమ్మా."

"రానీ. అది నన్ను తీసుకుపోతే ఒక్కసారే తీసుకుపోద్ది. ఇవి రోజూ కొంచెం కొంచెం తినేస్తన్నాయి."

నాన్న అప్పటికప్పుడే నిచ్చెన వేసుకుని రేకు విప్పేశారు. అటక మాత్రం చాలారోజులు ఖాళీగానే ఉంది. నాన్నమ్మ మంచం వరండా వైపు తిప్పించుకుని, దీపాలవేళకి చెవి అటు పడేసి పడుకునేది. నేను బడినుంచి వచ్చి చెప్పులు విప్పకముందే అడిగేది:

"ఇంకా రానేదేటమ్మా?"