ఏడో శనివారం వాడపల్లికి పరుగు: తక్కెడలో మిగిలిన బెల్లం

గత ఎండాకాలంలో ఛాతీ నొప్పితో నన్ను అమలాపురంలోని ఒక ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచారు. గుండెకు ప్రమాదం లేదని తేలింది గాని, తొంభై ఏడు కిలోల బరువుతో ఇలాగే కొనసాగితే మరోసారి నడిచి ఇంటికి వెళ్లే వీలుండకపోవచ్చని డాక్టరు గారు చెప్పారు. అక్కడి ఆహార నిపుణురాలు నేను ఏ వేళకు ఏం తినాలో ఒక కాగితం మీద రాసిచ్చారు. ఆ రోజే మా ఇంటావిడ వరలక్ష్మి ఆసుపత్రి వరండాలో నిలబడి వాడపల్లి వెంకన్నకు మొక్కుకుంది. నేను కోలుకుంటే ఏడు శనివారాలు దర్శనం చేసుకుంటుందట, ఏడో శనివారం ఇద్దరమూ బెల్లంతో తులాభారం ఇస్తామట. ఆ మొక్కు తీర్చడానికి చేసిన ప్రయాణం ఇది. ఆమె ఆటోలో రాగా, రావులపాలెం నుంచి వాడపల్లి దాకా నేను పరుగెత్తుతూ వెళ్లాను. ఇలా వెళ్లదలచిన వారికి ఉపయోగపడుతుందని దారీ వేళలూ ఖర్చులూ కలిపి రాస్తున్నాను.

కొత్తపేటలో నాకు మోటారు వైండింగు షాపు ఉంది. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కాలిపోయిన పంపు మోటార్లను విప్పి, చుట్లు లెక్కపెట్టుకుని, మళ్లీ చుట్టి నేర్చుకున్నాను. బరువు తగ్గే పనిని కూడా అలాగే మొదలుపెట్టాను. ఉదయం రాగిజావ, మధ్యాహ్నం ఒక కప్పు అన్నంతో రెండు కప్పుల కూర, సాయంత్రం ఆరున్నరకు ఉడికించిన శనగలు, ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. మొదటి రెండు నెలలు నడక మాత్రమే చేశాను. తర్వాత హైస్కూలు మైదానంలో ఒక చుట్టు పరుగు, ఒక చుట్టు నడక. బూట్లు మాత్రం మంచివి కొనండి. నేను చవక జత కొని మోకాళ్ల నొప్పులు తెచ్చుకుని, చివరికి మూడు వేలు పెట్టి మరో జత కొనుక్కున్నాను.

ఈ క్రమంలో ఎక్కువ బాధ పెట్టేది ఆకలి అని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో విసుగు అంతకంటే పెద్దది. ప్రతిరోజూ అదే జావ, అదే మైదానం, తడిసిన అదే బనియను. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు నేను వద్దంటానని తెలిసి, నా ఆకు దగ్గరకు రాగానే తలలు తిప్పుకుని వెళ్లిపోయేవారు. అమ్మాయి కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కనుక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నేను శనగలు తినేసరికి వరలక్ష్మి వంటిల్లు సర్దేసి వచ్చి పక్కన కూర్చునేది. రాత్రిపూట పోపు వాసన రాకపోవడం నా నియమానికి మేలు చేసిందని అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. బరువు డెబ్బై తొమ్మిదికి దిగిన రోజున కూడా సంతోషం కంటే ఎక్కడైనా కాసేపు కూలబడాలన్న కోరికే ఎక్కువగా కలిగింది.

ఆరు శనివారాలు వరలక్ష్మి ఒక్కతే బస్సులో వెళ్లి వచ్చింది. ఏడో వారానికి ముందురోజు రావులపాలెంలో బెల్లం కొన్నాను. దిమ్మలన్నీ ఒక పరిమాణంలో ఉండవు కనుక, చిన్నవీ పెద్దవీ ఎంచి రెండు వాటాలు చేయించాను. ఎర్ర పురికొస కట్టినది నా వాటా, డెబ్బై తొమ్మిది కిలోలు. పసుపు పురికొస కట్టినది ఆమె వాటా, అరవై ఒక్క కిలోలు. కిందటేడు ఆమెకు పిత్తాశయం ఆపరేషన్ జరిగినప్పుడు ఆసుపత్రి చీటీలో ఉన్న బరువు అది. ఇలాంటివి నేను మరిచిపోను. ఆటో సత్తిబాబుది. కొత్తపేట నుంచి రానుపోను, అక్కడ ఆగే సమయంతో సహా వెయ్యి రూపాయలకు మాట్లాడుకున్నాను. సొంతంగా వెళ్లేవారు రావులపాలెం దాకా బస్సులో వచ్చి, అక్కడ షేర్ ఆటో ఎక్కితే ఇంతకంటే చాలా తక్కువలో అయిపోతుంది.

తెల్లవారుజామున అయిదింటికి రావులపాలెం సెంటరులో దిగాను. అరటి మార్కెట్టు దగ్గర లారీలకు గెలలు ఎక్కిస్తున్నారు. శనివారం రోజున ఆరు దాటితే వాడపల్లి దారిలో కార్లూ ఆటోలూ మనిషికి చోటివ్వవు కనుక ఈ వేళ తప్పనిసరి. నేను నిక్కరు, బూట్లతో నడుం వంచుతూ ఉంటే గెలలు మోస్తున్న ఒక పెద్దాయన ఆగి చూశారు.

“ఏవండీ, ఎవరైనా తరుముతున్నారా?”

“లేదండి. వాడపల్లి దాకా పరిగెడదామని.”

“ఆటోలున్నాయి కదండి.”

“ఆ ఆటో మాదేనండి.”

ఆయన ఆటోను, అందులో బెల్లం దిమ్మల మధ్య ఒదిగి కూర్చున్న మా ఆవిడను, నన్ను వరుసగా చూశారు. “ఆయ్, సరేనండి,” అని గెల భుజానికెత్తుకుని వెళ్లిపోయారు.

దారి సుమారు పది కిలోమీటర్లు ఉంటుంది. లొల్ల మీదుగా వెళితే చాలా దూరం కాలువ పక్కనే సాగవచ్చు. రోడ్డు ఎగుడుదిగుడులు లేనిదే గాని అంచులు విరిగి ఉన్నాయి. చీకట్లో చిన్న టార్చి అవసరం. మొదటి మూడు కిలోమీటర్లు ఊపిరి కుదురుగా ఉంది. తర్వాత కుడి మోకాలు తన సంగతి గుర్తు చేయడం మొదలుపెట్టింది. కొబ్బరి తోటల మధ్య గాలి ఆడక చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. లొల్ల లాకుల దగ్గర కాలువ గట్టున ఆగాను. ముందే ఆపి ఉన్న ఆటోలోంచి వరలక్ష్మి దిగి నీళ్ల సీసా అందించింది. చెయ్యి పైకెత్తగానే ఆమె గాజులు మోచేతి దాకా జారిపోయాయి. పెద్ద సైజువి కొన్నదేమో అనుకున్నాను. సీసా ఇచ్చి ఆమె గట్టు మీద కూలబడినట్టు కూర్చుంది.

“మేస్త్రిగారూ,” అన్నాడు సత్తిబాబు, “పరిగెట్టేది మీరు, ఆయాసపడేది వదినగారు. ఇదేం లెక్కండీ?”

“బెల్లం వేడికి కళ్లు తిరిగినట్టయింది, ఏం లేదు,” అంది వరలక్ష్మి.

“పొద్దున్నే ఏమైనా తిన్నారా అండి?”

“దర్శనం అవకుండా ఎలా తింటానయ్యా?”

శనివారం కదా అని నేనూ సమాధానపడ్డాను. మిగిలిన దూరంలో రెండుసార్లు నడిచాను, ఆ సంగతి దాచనక్కరలేదు. ఆరున్నరకు వాడపల్లి చేరాను. గోదావరి వైపు నుంచి వచ్చిన గాలికి కాసేపు ప్రాణం లేచి వచ్చింది గాని, కాళ్లు మాత్రం నావి కానట్టుగా ఉన్నాయి. స్నానం చేసి, ప్రదక్షిణలు పూర్తి చేసి, క్యూలో నిలబడి దర్శనం ముగించేసరికి దాదాపు మూడు గంటలు పట్టింది. శనివారం వెళ్లేవారు కనీసం అంత సమయం కేటాయించుకోవాలి.

తులాభారం దగ్గర మా ముందు రెండు కుటుంబాలున్నాయి. మా వంతు రాగానే మొదట నేను కూర్చున్నాను. ఎదుటి పళ్లెంలో ఎర్ర పురికొస దిమ్మలన్నీ పెట్టగానే తక్కెడ రెండు వైపులా సమంగా నిలిచింది. అక్కడ తూకం చూసే పెద్దాయన ముచ్చటపడ్డారు. “బంగారం షాపులో తూయించి తెచ్చేరేంటండీ?” అన్నారు. ఇన్ని నెలల్లో నాకు కలిగిన నిజమైన గర్వం ఆ ఒక్క నిమిషానిదే.

తర్వాత వరలక్ష్మి కూర్చుంది. పసుపు పురికొస దిమ్మలు చాలావరకు పెట్టేసరికి ఆమె కూర్చున్న పళ్లెం కదిలింది. ఇంకొకటి పెట్టేసరికి తక్కెడ సరిగ్గా నిలిచింది. కింద ఇంకా రెండు దిమ్మలు మిగిలి ఉన్నాయి.

“ఇవి ఎక్కువయ్యేయండి,” అన్నారు పెద్దాయన.

“ఎలా ఎక్కువవుతాయండీ? లెక్కగా తూయించి తెచ్చాను.”

“మీ వాటా సరిపోయింది కదండి. షాపాయన తూకం మంచిదే.” ఆయన దిమ్మలను చేత్తో ఎత్తి చూశారు. “తొమ్మిది కిలోల దాకా ఉంటాయి. అమ్మగారి బరువు ఎప్పుడు చూసేరండి?”

వెనక వరుసలో మనవడిని చంకనెత్తుకున్న ఒక పెద్దావిడ నవ్వింది. “అదేంటమ్మాయ్, మొక్కుకున్నాక చిక్కిపోయేవు? దేవుడి బెల్లం మిగిల్చేద్దామనా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. వరలక్ష్మి కూడా నవ్వింది గాని నా వైపు చూడలేదు. పళ్లెంలోంచి దిగేటప్పుడు ఆమెకు చెయ్యి అందించాను. ముంజేయి నా పిడికిట్లో ఇంకా చోటు మిగిలేలా ఉంది. జాకెట్టు పక్కన రెండు పిన్నీసులు పెట్టుకుని ఉంది. అప్పటికి గాని ఇవేవీ నా కంట పడలేదు. రోజూ ఉదయం వరండాలో తూకం యంత్రం ఎక్కిందీ దిగిందీ నేను ఒక్కణ్ణే.

పక్కకు వచ్చాక అడిగాను. “రాత్రి అన్నం తినడం లేదా?”

“మీరు మానేశాక నేనూ మానేశానండి.”

“నీకు ఎవరు చెప్పేరు మానమని?”

“ఎవరు చెప్పాలండీ? మీరు నాలుగు శనగలు తిని నీళ్లు తాగి కూర్చుంటే, మీ ఎదురుగా నేనొక్కదాన్నీ కంచం పెట్టుకుని కూర కలుపుకోనా? ముద్ద దిగుతుందా?” పైట సర్దుకుంటూ అంది, “పైగా వాసనొస్తే మీకు మనసు లాగుతుందని.”

మిగిలిన దిమ్మలు కూడా స్వామికే ఇచ్చేద్దామంది. వద్దన్నాను.

“ఇవి ఇంటికి వస్తాయి. నువ్వు మళ్లీ ఆ బరువుకు వచ్చాక తెచ్చి ఇద్దాం.”

“అప్పటికి మీరెంతవుతారో.”

“నా సంగతి కాగితం చూసుకుంటుంది.”

మధ్యాహ్నం అన్నదానం పంక్తిలో పక్కపక్కన కూర్చున్నాం. నా కప్పు లెక్క ప్రకారం నేను అన్నం తక్కువే పెట్టించుకున్నాను. ఆమె ఆకులో రెండోసారి వడ్డించమని నేనే అడిగాను. తిరుగు ప్రయాణంలో సత్తిబాబు మిగిలిన దిమ్మలను చూసి, “దేవుడు చిల్లర తిరిగిచ్చేరాండీ?” అన్నాడు. వరలక్ష్మి నా భుజం మీద తల ఆనించి కొత్తపేట దాకా నిద్రపోయింది.

తర్వాతి సోమవారం ఆమెను అదే డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాను. రక్తం తక్కువగా ఉందని మందులు రాశారు. రాత్రి భోజనం మానకూడదని గట్టిగా చెప్పారు. ఇప్పుడు మా ఇంట్లో ఏడింటికి పొయ్యి వెలుగుతోంది. నా శనగల వేళను ఆహార నిపుణురాలిని అడిగి ఏడున్నరకు మార్పించుకున్నాను. ఆమె కంచంలో అన్నం, కూర, నా గిన్నెలో శనగలు. పోపు వాసనకు మనసు లాగుతుంది, అబద్ధమెందుకు. అయినా ఆమె చెయ్యి కడుక్కునే దాకా నేను లేవను. ఉదయం పరుగు కొనసాగుతూనే ఉంది, అలసటా అలాగే ఉంది. వంటింటి అరమీద పసుపు పురికొస కట్టిన రెండు దిమ్మలు చీమలు పట్టకుండా డబ్బాలో ఉన్నాయి.

ఇలాంటి మొక్కుతో వాడపల్లి వెళ్లేవారికి ఒక్క సూచన: బెల్లం కొనే ముందు ఇద్దరి బరువూ ఒకే రోజున, ఒకే యంత్రం మీద చూసుకోండి. ముందు ఆమెను ఎక్కమనండి.